కేబుల్ తెంచిన మొనగాళ్లు

కంకిపాడు సెంటర్లో బందరు బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషిని ఎవర్నైనా కదిపి చూడండి. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, ఎకరం రేటు అయ్యాక నాలుగో మాటగా ఇదొచ్చి తీరుతుంది: "మేం కేబుల్ తీయించేశామండీ." ఆ అనడంలో ఎంత ఠీవి! ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చినవాళ్లు కూడా ఇంత గొప్పగా చెప్పుకుని ఉండరు.

"మంచిపని చేశారు. మరి దాని బదులు ఏం పెట్టించారు?"

"నెట్టండీ. ఫైబరు."

"ఎవరు వేశారు?"

"ఇంకెవరు, మన కేబులాయనే."

కృష్ణా డెల్టాలో తీగ తెంపు ఉద్యమం మొత్తం ఈ నాలుగు ముక్కల్లో ఉంది. కేబులాయన్ని వదిలించుకోవాలంటే కేబులాయనకే ఫోన్ చేయాలి. ఆయన మనిషిని పంపుతాడు. ఆ కుర్రాడు నిచ్చెన వేసుకుని, ఏళ్ల తరబడి వేలాడుతున్న లావాటి నల్లతీగని కత్తిరించి, చుట్ట చుట్టి బండి హ్యాండిల్‌కి తగిలించుకుంటాడు. అదే స్తంభం మీంచి, కిటికీ చెక్కకి అప్పుడెప్పుడో పొడిచిన అదే కంతలోంచి సన్నటి కొత్త తీగని లోపలికి తోస్తాడు. చిన్న మిషను పెట్టి గాజుపోగు కొసలు రెండూ అతికిస్తాడు. చేతిలో మీటరు చూసుకుని, "మైనస్ ఇరవై వస్తోంది మాస్టారూ, సూపరు" అంటాడు. మైనస్ వస్తే సూపరేమిటో మాస్టారికి బోధపడదు. ఆయన ముప్ఫయ్యేళ్లు లెక్కలే చెప్పారు.

ఆ మాస్టారు మా బాబాయి.

బాబాయికి ఈ జ్ఞానం డాలస్ నుంచి దిగుమతి అయింది. మా వైపు జ్ఞానం చాలావరకు అక్కణ్ణుంచే వస్తుంది. పోరంకి, గంగూరు, ఈడుపుగల్లు, కంకిపాడు, ఉయ్యూరు, ఈ రోడ్డు మీద ఏ ఊళ్లో తలుపు తట్టినా ఒకడో ఇద్దరో అమెరికాలో ఉంటారు. ఇక్కడ ఏ మందు వాడాలో, ఏ బ్యాంకులో వేయాలో, ఏ నూనె మానాలో ఆదివారం వీడియో కాల్‌లో వాళ్లే తీర్మానిస్తారు. అలాంటి ఒక ఆదివారం డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు, మా తమ్ముడు సెలవిచ్చాడు: "నాన్నా, ఇక్కడ కేబుల్ ఎవరూ పెట్టుకోరు. ఇంటి మీద యాంటెనా బిగించా. ఏబీసీ, ఎన్‌బీసీ, సీబీఎస్, ఫాక్స్ అన్నీ ఫ్రీ. మిగతావన్నీ స్ట్రీమింగే. మీరూ తీసిపారేయండి."

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అమెరికా 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నిటినీ పాత అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్చింది. అప్పట్నుంచీ చిన్న యాంటెనా పెట్టుకున్న ప్రతి కొంపకీ స్పష్టమైన బొమ్మ గాల్లోంచి ఊరికే దిగుతోంది. వాడు చెప్పనిది ఒకటుంది. "మిగతావన్నీ" అన్నాడే, వాటి కోసం తీసుకున్న యూట్యూబ్ టీవీ 2017లో మొదలైనప్పుడు నెలకి 35 డాలర్లు. 2025 జనవరికల్లా 82 డాలర్ల 99 సెంట్లు. తెలుగు చానళ్లకి మళ్లీ వేరే చందా. అంటే వీడు తెంచిన కేబుల్ బిల్లు ఇంకో పేరుతో వెనక గుమ్మంలోంచి వచ్చి సోఫాలో కూర్చుంది. ఆ సంగతి నాన్నకి చెప్తే పరువు తక్కువ. అందుకని యాంటెనా వరకే చెప్పాడు.

బాబాయి శిష్యుడి స్థాయిలో నమ్మాడు. విజయవాడ వెళ్లి గవర్నరుపేటలో ఎలక్ట్రానిక్స్ కొట్టు మెట్లెక్కి, "టీవీ యాంటెనా ఉందా బాబూ?" అన్నాడు. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, "కారుకా అండీ?" అన్నాడు.

వాడి తప్పు లేదు. వాడు పుట్టేసరికే ఆ జాతి అంతరించింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1987 జనవరి 25న రామాయణం సీరియల్ మొదలయ్యాక ఆదివారం పొద్దున బందరు రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ తిరగలేదని పాతవాళ్లు ఇప్పటికీ చెప్తారు. డాబాల మీద జీఐ పైపులు లేచాయి. డాబా లేనివాళ్లు కొబ్బరిచెట్టుకి కట్టారు. గాలొస్తే అది పక్కకి తిరిగేది, రాముడు చుక్కల్లో కలిసిపోయేవాడు, ఎవరో ఒకడు పైకెక్కేవాడు. ఆ పైకెక్కినవాడు ఏనాడూ బొమ్మ చూడలేదు, పాపం. అయినా ఒకసారి కొన్న తర్వాత ఆ పైపుకి నెలకింత అని కట్టమని ఎవరూ గుమ్మంలోకి రాలేదు. టీవీ నిజంగా ఉచితంగా వచ్చిన కాలం అది. ఆ కాలాన్ని మనం నామోషీగా చూశాం.

తర్వాతేమైంది? అమెరికావాడు పాతది ఆపి కొత్తది పెట్టాడు. మనవాళ్లు పాతది ఆపారు. సరిహద్దుల్లాంటి ఓ యాభై చోట్ల మినహాయించి, నేల మీది అనలాగ్ టీవీ ట్రాన్స్‌మిటర్లన్నీ 2022 మార్చి 31కల్లా మూసేయాలని ప్రసార భారతి నిర్ణయించింది, అన్నంత పనీ చేసింది. కాలం చెల్లిన పరికరాలు, కరెంటు ఖర్చు, తరంగాల ఆదా, ఇలా కారణాలు చెప్పింది, అవి తీసిపారేయాల్సినవీ కావు. అంతకుముందు 2016లో డిజిటల్ నేల ప్రసారాలంటూ పదహారు నగరాలకి ప్రారంభోత్సవం జరిగింది. ఆ పదహారింట్లో విజయవాడ లేదు సరికదా, హైదరాబాదూ లేదు. తెలుగువాడు యాంటెనాకి అర్హుడు కాడని ఢిల్లీలో ఎప్పుడో తేల్చేశారన్నమాట. దానికి నిరసనగా ఒక్క ధర్నా లేదు, ఒక్క రాస్తారోకో లేదు. సీరియల్ టైము అరగంట మారితే గొడవ పడే జాతి, గాల్లోంచి ఊరికే వచ్చే బొమ్మ ఆగిపోతే గమనించనైనా లేదు.

ఇక్కడ వెటకారం ఒక నిమిషం పక్కన పెడతాను. ఇది ఉప్పెనలు తెలిసిన నేల. కంకిపాడు మీదుగా వెళ్లే ఈ రోడ్డు దిగువకే దివిసీమ, 1977 నవంబరు 19న సముద్రం ఊళ్లకి ఊళ్లని ఎత్తుకుపోయింది అక్కడే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్‌లో ఇళ్ల మీద పడ్డప్పుడు నెత్తిన డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయిగానీ, కరెంటు లేదు, ఫోన్లు అందవు, నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చెప్పే నాథుడు లేడు. పాస్‌వర్డూ ఓటీపీ అడగకుండా, బ్యాటరీ మీద బతికే చిన్న తెర కూడా పట్టుకోగల ప్రసారం అలాంటి రాత్రి ఎంత విలువైందో లెక్కగట్టినవాళ్లు ఆ మూసివేత ఫైల్లో ఎవరైనా ఉన్నారా? ఉండి కూడా మూశారంటే వాళ్ల చొక్కా కొస ఎన్నడూ తడిసి ఉండదు.

సరే, యాంటెనా దొరకలేదు. ఊరికే వచ్చేది ఇంకోటి ఉందని కొట్టు కుర్రాడే చెప్పాడు: దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరు నుంచీ ఉంది. డిష్షూ బాక్సూ కొనుక్కుంటే చాలు, నెల కట్టుబడి లేదు. బాబాయి మురిసిపోయి బిగించాడు. దేశంలో కోట్ల ఇళ్లకి అదే ఆధారం, కాదనను. ఆ ఇళ్లన్నీ ఎక్కువగా ఎటున్నాయో తెలియాలంటే ఒక్కసారి రిమోట్ నొక్కుతూ పోతే చాలు. హిందీ సినిమా, హిందీ సీరియల్, హిందీ వార్తలు, భోజ్‌పురి పాటలు, మళ్లీ హిందీ సినిమా. తెలుగు అరకొర. రాష్ట్ర విభజన తర్వాత మన వాటాకి వచ్చిన సప్తగిరి ఉంది. అందులో వరిలో కాండం తొలిచే పురుగు గురించి ఒక శాస్త్రవేత్త నిదానంగా చెప్తూ ఉంటాడు. మంచి విషయమే. కాకపోతే పిన్నికి రాత్రి ఏడున్నరకి కావాల్సింది కాండం తొలిచే పురుగు కాదు, కాపురం తొలిచే పురుగు. అది జెమినీలోనూ మాలోనూ ఉంటుంది. నాలుగో రోజుకి పిన్ని ఆ డిష్ మీద వడియాలు ఎండబెట్టింది.

ఇదంతా చదివి నేను కేబులాయన తరఫున కన్నీళ్లు కారుస్తున్నానని అనుకోకండి. ఆయనేం తక్కువ తినలేదు. 1991లో గల్ఫ్ యుద్ధం పుణ్యమా అని డిష్షులు లేచాయి, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి, వీధికొక కేబులాయన వెలిశాడు. ఎన్ని ఇళ్లకి తీగ లాగాడో ఆయనకీ దేవుడికీ తెలుసు. చానల్ కంపెనీకి చెప్పేది మాత్రం అందులో ముక్కాచెక్కా. రాత్రి పదింటికి సొంత చానల్లో నిన్న విడుదలైన సినిమా వేసేవాడు, తెర మీద ముందు వరసవాళ్ల తలకాయలతో సహా. కింద స్క్రోలింగులో "చిరంజీవికి జన్మదిన శుభాకాంక్షలు, ఇట్లు అమ్మ నాన్న అమ్మమ్మ తాతయ్య" అని పోతూ ఉండేది. బొమ్మ రావట్లేదంటే "పైనుంచే పోయిందండీ" అనేవాడు. ఆ పై ఎక్కడుందో ఈనాటికీ ఎవరూ చూళ్లేదు. అయినా ఆయనలో ఒక్క సుగుణం ఉంది: ఆయనకి ఒక మొహం ఉంది. ఆయన ఇల్లు తెలుసు. గుమ్మంలో నిలబెట్టి తిట్టొచ్చు. "ఈ నెల చేతిలో లేదు, కుప్ప నూర్చాక ఇస్తా" అనొచ్చు.

ఆ లెక్కల దొంగతనం ఆపాలని సర్కారు ఇంటింటికీ సెట్ టాప్ బాక్సు తప్పనిసరి చేసింది. పల్లెల దాకా గడువు 2017 మార్చి. ఆ తర్వాత 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు మనకి స్వాతంత్ర్యం ప్రకటించారు. "మీకిష్టమైన చానలుకే డబ్బు కట్టండి, అక్కర్లేనిదానికి పైసా వద్దు" అన్నారు. వినడానికి అమృతం. ఉచిత చానళ్లు నూరు ఇంటికి తేవడానికి 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. ఉచిత చానళ్లు చూడ్డానికి నూటయాభై మూడు! పైన ఒక్కో పే చానలుకి ఒక్కో ధర. అప్పటిదాకా బోకేలో చవగ్గా పడున్న పెద్ద చానళ్లు చాలావరకు రాత్రికి రాత్రి 19 రూపాయల బోర్డు తగిలించుకున్నాయి, ఎందుకంటే బోకేలో కలపాలంటే అంతకు మించి పెట్టకూడదని రూలు. గరిష్ఠం అన్న చోట మన వ్యాపారి కనిష్ఠం అని చదువుకుంటాడు, ఇది ట్రాయ్ వారికి తప్ప కంకిపాడు కిరాణా కొట్టులో అందరికీ తెలుసు. 2020లో ఆ 19ని 12 అన్నారు, చానళ్లవాళ్లు కోర్టుకెక్కారు, 2022 నవంబరులో మళ్లీ 19కే చేరారు. 2024 జులైలో ఆ 130 మీద ఉన్న పరిమితీ ఎత్తేశారు. ఇంతకీ ప్రేక్షకుడు తనకిష్టమైనవి ఎంచుకున్నాడా? ఎంచుకున్నాడు. కేబులాయన ఒక జిరాక్స్ కాగితం ఇచ్చి, "రెండో దానికి టిక్కు పెట్టండి, అందరూ అదే పెడుతున్నారు" అన్నాడు. పెట్టాం.

మన రాష్ట్రానికి ఇంకో ముచ్చట కూడా ఉంది. ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న సాక్షాత్తూ రాష్ట్రపతి వచ్చి జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల తీగ, నెలకి 149 రూపాయలకి 250 చానళ్లు, 15 ఎంబీపీఎస్ నెట్, దానికి తోడు ఫోను. ఈ 149 అనే అంకెని కాస్త గుర్తుపెట్టుకోండి, కింద పనుంది. ఆ ధర నిలవలేదు. ప్రభుత్వాలు మారాయి, ఛైర్మన్లు మారారు, ఆ సంస్థ పేరు కనెక్షన్ల పుస్తకంలో కంటే కేసుల్లో, రాజీనామాల్లో ఎక్కువ వినపడసాగింది. 2023లో విడుదలైన రోజే కొత్త సినిమా ఇంట్లో 99 రూపాయలకి చూపిస్తామని కూడా మొదలెట్టారు. ఇంతా చేసి ఆ తీగని మీ ఇంట్లోకి తెచ్చేదెవరు? మళ్లీ మన కేబులాయనే. సర్కారు, రాష్ట్రపతి, వేల కిలోమీటర్లు అన్నీ కలిసి ఆయన గుమ్మం దగ్గరికే వచ్చి ఆగాయి.

ఇక మన తెలుగు రాష్ట్రాల్లో కేబుల్ తెంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడ ఓటు వేస్తే చానల్ మారుతుంది. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడి నెల తిరక్కముందే అక్కడ టీవీ9, ఏబీఎన్ కేబుల్లో మాయమయ్యాయి. 2019లో ఇక్కడ ప్రభుత్వం మారాక టీవీ5, ఏబీఎన్ కనపడ్డం లేదని గగ్గోలు, వ్యవహారం ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో మళ్లీ మారాక టీవీ9, ఎన్టీవీ, సాక్షి వంతు. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకెళ్లి, పదిహేను మంది కేబుల్ పెద్దలకి తిరిగి వేయమని ఉత్తర్వు తెచ్చుకుంది. ప్రతిసారీ ప్రభుత్వం "మేమెవరికీ చెప్పలేదు" అంటుంది. కేబుల్ వాళ్లు "మాకెవరూ చెప్పలేదు" అంటారు. ఎవరూ చెప్పకుండానే, ఎవరూ వినకుండానే, లక్షల ఇళ్లలో ఒకే రాత్రి అవే చానళ్లు పోతాయి. మా కేబులాయన భాషలో చెప్పాలంటే, పైనుంచే పోయింది. ఈ ఒక్క విషయంలో ఆ పై ఎక్కడుందో మనకి తెలుసు.

కాబట్టి తెంచుకున్నాం, స్ట్రీమింగుకి వచ్చాం. ఇప్పుడు హాయి. చూద్దాం ఆ హాయి.

ఆర్‌ఆర్‌ఆర్ సినిమా 2022 మేలో ఓటీటీకి వచ్చింది. తెలుగులో చూడాలంటే జీ5 చందా కట్టాలి, హిందీలో అయితే నెట్‌ఫ్లిక్స్. కల్కి 2024 ఆగస్టులో వచ్చింది, తెలుగు ప్రైమ్‌లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. మర్నాటికల్లా బాబాయి రిమోట్ పుచ్చుకుని ప్రతి యాప్ గుమ్మంలోనూ "మా సినిమా ఇటొచ్చిందా అండీ" అని అడుగుతూ తిరిగాడు. ప్రైమ్ 2016లో వచ్చినప్పుడు ఏడాదికి 499. మరుసటి ఏడాదికి 999. 2021 డిసెంబరులో 1499. ఇన్ని కట్టినా ప్రకటనలుండవు కదా అని సరిపెట్టుకున్నాం. 2025 జూన్ 17 నుంచి ప్రకటనలూ వేశారు. వద్దనుకుంటే నెలకి ఇంకో 129 కట్టమన్నారు. డబ్బు కట్టి ప్రకటనలు చూసే భాగ్యం, ప్రకటనలు ఆపడానికి మళ్లీ డబ్బు కట్టే భాగ్యం! పాపం ఆ కేబులాయన బతుకంతా పట్టుచీరల కొట్టు ప్రకటన వేసుకున్నాడేగానీ, "వంద ఇస్తే ఇది ఆపుతా" అనే తెలివి ఆయన బుర్రకి తట్టలేదు.

హాట్‌స్టార్ పేరు డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ అయింది, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ అయింది. పెళ్లయిన ప్రతిసారీ ఇంటిపేరు మారింది, చందా వసూలు మారలేదు. 2023లో ఐపీఎల్ జియోసినిమాలో ఊరికే చూపించి జనాన్ని మరిగించారు. మరిగాక రెండేళ్లకి కౌంటర్ తెరిచారు. ఇప్పుడా 149 బయటికి తీయండి. ఫైబర్‌నెట్‌లో ఆ డబ్బుకి 250 చానళ్లు, నెట్, ఫోను అన్నారు. నెట్‌ఫ్లిక్స్‌లో అదే 149కి నెలపాటు ఒక్క ఫోను తెర. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు అదే 149కి ఒక్క ఫోన్లో మూడు నెలలు, ప్రకటనలతో. మార్కెట్టులో కొత్తిమీర కట్ట కూడా ఇంత త్వరగా చిక్కిపోదు.

వీటిలో మొహం ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఒక యాప్‌లో బాబాయి చందా వద్దని ఆపబోతే, "నిజంగానే వెళ్లిపోతారా?" అని అడిగింది. "మీరు ఇవన్నీ కోల్పోతారు" అని బొమ్మలు చూపించింది. కారణం చెప్పమంది. కారణాల జాబితాలో "డబ్బుల్లేవు" అని లేదు. చివరి పేజీలో పెద్ద బటన్ "కొనసాగండి", దాని కింద కనీకనపడని అక్షరాల్లో అసలుది. బాబాయి కళ్లజోడు మార్చుకుని వచ్చేలోపు పేజీ మొదటికెళ్లిపోయింది. మర్నెల తేదీకి ఖాతాలోంచి డబ్బులు పోయినట్టు మెసేజ్ వచ్చింది.

"ఏరా, ఈ యాప్ ఆఫీసు ఎక్కడుంది? బెజవాడలో ఉందా?"

"లేదు బాబాయ్."

"పోనీ హైదరాబాదులో?"

"మనుషులు కూర్చునే ఆఫీసులు వేరే ఉంటాయి బాబాయ్. నువ్వెళ్లి అడగ్గలిగేది లేదు."

"అదేంట్రా, అప్పిచ్చినవాడి అడ్రసు లేకపోవడం చూశాంగానీ, వసూలు చేసేవాడి అడ్రసు లేకపోవడమేంటి!"

అందరూ ఇన్ని కడతారా? కట్టరు. ఒకరు కట్టి వదిన వాళ్లకీ, వియ్యపురాలికీ పాస్‌వర్డ్ ఇచ్చేవారు. 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ ఆ బంధుత్వాలూ తెంపేసింది, ఒక కప్పు కింద ఉంటేనే కుటుంబమని నిర్వచనం ఇచ్చింది. డాలస్‌లో కొడుకు, కంకిపాడులో తండ్రి ఒక కుటుంబం కాదట. ఉమ్మడి కుటుంబాన్ని తోడికోడళ్లు చీల్చారని వందేళ్లుగా సినిమాలు తీశాం, చివరికి సినిమాలు చూపించేవాడు చీల్చాడు.

ఇక మిగిలింది ఐబొమ్మ, దొంగ సినిమాల సైటు. ఏ సభ్య సమాజంలోనూ ఎవరూ చూడనిదీ, ప్రతి ఇంట్లోనూ అందరికీ తెలిసినదీ. 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు దాని వెనకున్నాడంటూ ఒకణ్ణి అరెస్టు చేస్తే, సగం తెలుగు జనం వాణ్ణి రాబిన్ హుడ్‌ని చేసి ఊరేగించారు. బెజవాడ గాంధీనగర్లో సినిమా కొని తలతాకట్టు పెట్టిన డిస్ట్రిబ్యూటర్ ఏమైపోవాలో ఎవరూ అడగలేదు. దొంగసొత్తు చూడ్డానికి వెళ్తే బెట్టింగ్ ప్రకటనలు ఎందుకు తగులుతున్నాయో, ఆ ఉచితం బిల్లు ఏ కుర్రాడి యూపీఐలోంచి వసూలవుతోందో కూడా అడగలేదు. దొంగతనాన్ని నేను వెనకేసుకురాను. ఒక్క సినిమా భాషకో యాప్ చొప్పున ముక్కలు కోసి అమ్మినవాడు, దాన్ని కలిపి ఊరికే ఇచ్చినవాడికి గిరాకీ తనే తయారుచేశాడని మాత్రం అంటాను.

తీగ తెంచి గాల్లో ఎగురుతున్నామనుకునేవాళ్లకి హైదరాబాద్ ఇంకో పాఠం చూపించింది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్ వాళ్లు స్తంభాల మీది తీగల్ని ఎక్కడికక్కడ కత్తిరించుకుంటూ పోయారు. ఏళ్లుగా ప్రాణం మీదికి వచ్చేలా వేలాడదీసినవాళ్లూ, ఏళ్లుగా చూస్తూ ఊరుకున్నవాళ్లూ ఒక్క వారంలో నిద్రలేచారు. తగువు హైకోర్టుకెక్కింది. ఆ నాలుగు రోజులూ నగరంలో వైర్‌లెస్ జీవులంతా రూటర్ ముందు ఎర్రలైటు చూస్తూ కూర్చున్నారు. మేం కేబుల్ ఎప్పుడో తెంచేశామని చెప్పుకునే ఇళ్లన్నీ అదే స్తంభానికి వేలాడుతున్నాయని అప్పుడు తెలిసింది. మా రోడ్డు మీది స్తంభాల్ని చూస్తే ఆ రోజు మాకూ దగ్గర్లోనే ఉంది. ఒక్కో స్తంభానికి ఎన్ని చుట్టలున్నాయంటే, కాకి వాలడానికి కూడా చోటు లేదు, ఏది ఎవరిదో లాగినవాడికీ తెలియదు.

దేశంలో డబ్బు కట్టే డీటీహెచ్ వాడకందార్లు 2021లో ఏడు కోట్ల దగ్గర ఉండేవారు, 2025 మార్చికి ఆరు కోట్ల లోపుకి పడ్డారు. ఈ అంకె చూసి పేపర్లు "టీవీకి కాలం చెల్లింది" అని రాస్తున్నాయి. ఆ పోయిన కోటి మంది ఎటు పోయారో తెలియాలంటే మొన్న దసరాకి మా బాబాయి ఇంటికి రావాల్సింది.

కేబులాయన స్వయంగా వచ్చాడు. ఖద్దరు సంచీలోంచి రంగు కాగితం తీశాడు.

"మాస్టారూ, కొత్త ఆఫరు. నెట్టుతో పాటు ఓటీటీలు ఇరవై దాకా కలిపి ఒకటే బిల్లు. విడివిడిగా కట్టుకునే బాధ లేదు. పైగా లైవ్ చానళ్లు మూడొందల యాభై."

"చానళ్లంటే? మళ్లీ కేబులేనా?"

"ఛఛ, కేబులేంటండీ! ఐపీటీవీ. ఈ చిన్న బాక్సు పెడతాం."

"ఆ బాక్సుకి?"

"బాక్సు ఫ్రీనే. ఆర్నెల్లు అడ్వాన్సు కట్టాలంతే. మీ పాత రేటు మీద ఓ రెండొందలు తేడా ఉంటుంది."

బాబాయి కాగితం వెలుగుకి పెట్టి చూశాడు. డాలస్‌లో అప్పుడు అర్ధరాత్రి, సలహా అడగడానికి లేదు. లోపల్నుంచి పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమండీ, అందులో జెమినీ వస్తుందేమో కనుక్కోండి."

"వస్తుందమ్మగారూ, హెచ్‌డీలో."

"అయితే ఇవాళే పెట్టించండి," అని బీరువా తాళాలు తీసుకుంది.